ఖాళీగా ఉండాల్సిన కుంట

నిజామాబాదులో ఒక కుంటను తవ్వించి, దాన్ని ఖాళీగా ఉంచవచ్చునని నేను నమ్మాను. నా తెలివితక్కువతనాన్ని ఇంతకంటే తక్కువ మాటల్లో చెప్పడం నాకు చేతకాదు. లెక్క తప్పిందా అంటే తప్పలేదు. వాన లెక్క సరిగానే వేశాను, మట్టి లెక్క సరిగానే వేశాను. మనుషులను మాత్రం లెక్కచేయలేదు. ఆ మనుషుల్లో నేనూ ఒకణ్నని ఇంకా ఆలస్యంగా తెలిసింది.

అప్పట్లో నేను ఓవర్సీరును. రాష్ట్రం ఒకటై కొన్నేళ్లు గడిచినా మా ఆఫీసు బీరువాల్లో ఉర్దూ ఫైళ్లు ఇంకా కదలకుండా కూర్చునే ఉండేవి. వాటి ముందు నేను. మట్టి పనివాళ్లు నన్ను "ఓర్సీరు సాబ్" అని పిలిచేవారు. ఓర్చుకోవడమే నా ఉద్యోగమని వాళ్లకు ముందే తెలిసినట్టుంది.

మా అక్క ఇల్లు ఊరి కింది వైపు గల్లీలో ఉండేది. ఆ గల్లీ నిండా బీడీలు చుట్టే కుటుంబాలు. ఊరి బయటి మిట్ట మీద గట్టి వాన పడితే నీళ్లన్నీ ఒక్కసారిగా పాత కాలువలోకి దిగి, ఆ కాలువకు పట్టక గల్లీలోకి వచ్చేవి. తునికాకు తడిసేది, తంబాకు తడిసేది, చుట్టిన బీడీల కట్టలు తడిసి ఎందుకూ పనికిరాకుండా పోయేవి. అక్క ఇంటి మట్టిగోడ ప్రతి వానకూ కొంచెం కొంచెం లోపలికి వంగేది. అక్క దాన్ని చూసి, "మా గోడకు మర్యాద ఎక్కువైంది తమ్మీ, నీళ్లొచ్చినప్పుడల్లా వంగి దండం పెడుతున్నది" అనేది.

బావ బొంబాయి మిల్లుల్లో పనికని మన్మాడు రైలెక్కి చాలా ఏళ్లయింది. మొదట్లో కార్డులు వచ్చేవి. తర్వాత అవీ రాలేదు. పోయేముందు ఆయన తలుపుకు నీలం రంగు వేసి పోయాడు. ఆ గల్లీలో నీలం తలుపు అదొక్కటే. అక్క కూతుర్ని బోధన్‌కు ఇచ్చాం. అల్లుడికి చెరకు తోటలో పని. వాళ్లు ఎన్నిసార్లు రమ్మన్నా అక్క కదలలేదు.

"నేను బోధన్ పోయినంక మీ బావ వచ్చిండనుకో, ఇల్లు లేకపోతే ఎట్ల గుర్తువడ్తడు? మనిషినైతే మర్శిపోయినట్టే ఉన్నడు. తలుపన్న యాదికుంటది" అనేది. నవ్వుతూనే అనేది.

అందువల్ల ఆ గోడ నిలబడటమూ అక్క ఆ ఊళ్లో నిలబడటమూ ఒకటే. మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు, ఎవరమూ పైకి అనేవాళ్లం కాదు.

గల్లీలోకి నీళ్లు రాకుండా ఏదైనా చేయండని ఆఫీసుకు చాలాసార్లు మొర పెట్టుకున్నాక ఆ పని నా బల్ల మీదికి వచ్చింది. కాలువ వెడల్పు చేయడానికి లేదు, రెండు పక్కలా ఇళ్లే. అందుకని నీళ్లను పైనే, మిట్ట కింద, కొన్ని గంటలు ఆపి, కాలువకు పట్టినంతే మెల్లగా వదిలే కుంట తవ్వాలనుకున్నాను. పుస్తకంలో చదివాను గానీ, అటువంటిది నేనెక్కడా చూడలేదు. చూడకపోవడం వల్లే ధైర్యం వచ్చింది.

ఆఫీసు ఆవరణలో వాన కొలిచే గాజు గొట్టం ఉండేది. పాత వానల లెక్కలన్నీ తీసి, వాటిలో బాగా కోపిష్టి వానను ఒకదాన్ని ఎంచుకున్నాను. అది మిట్ట మీద పడితే ఎంత ఇంకుతుంది, ఎంత దొర్లుతుంది, ఎంతసేపటికి కిందికి చేరుతుంది అని లెక్కలు కట్టే స్లైడ్ రూలు బద్ద జరుపుకుంటూ గళ్ల కాగితం మీద గీశాను. వచ్చే నీటి గీత గుట్టలా లేచి పడింది. పోయే నీటి గీత మంచం మీద పడుకున్న మనిషిలా చదునుగా సాగింది. ఆ రెండు గీతల మధ్య మిగిలిన జాగాయే కుంట. గళ్లు లెక్కపెట్టడం, చెరపడం, తూము గొట్టం వెడల్పు మార్చడం, మళ్లీ గీయడం. ఇప్పుడు ఈ పనంతా కంప్యూటరు చేస్తుందట. ఒక వైపు వాన పోస్తే ఇంకో వైపు కుంట బయటికి వస్తుందట. మనుషులు అందులో ఏ గడిలో వస్తారో ఎవరినైనా అడగాలి.

లెక్క మీద నమ్మకం కుదరక, ఒక ఆదివారం అక్క వాకిట్లో పాత గ్యాసునూనె డబ్బాకు అడుగున మేకుతో బెజ్జం కొట్టాను. అక్క చేతికి చెంబు ఇచ్చి గబగబా నీళ్లు పొయ్యమన్నాను. డబ్బాలో నీళ్లు సగానికి లేచాయి. బెజ్జం లోంచి మాత్రం సన్నటి ధార వస్తోంది.

"చూసినవా అక్కా? పైనుంచి ఎంత జోరుగ పోసినా కింద గంతే వస్తది. వాన ఆగినంక మెల్లగ ఖాళీ అయితది. మల్ల వానకు తయారు."

అక్క డబ్బా వంక చూసింది. నా వంక చూసింది.

"గీ బొక్కడబ్బకా నీకు నెలనెలా జీతమిస్తున్నరు?"

"డబ్బకు కాదక్కా. బొక్క ఎంతుండాలె అన్నదానికి."

"గట్లయితే మా ఇంటి కప్పుకు మస్తు బొక్కలున్నయి. జర మీ ఆఫీసుల చెప్పు, నాక్కూడ జీతం కట్టియ్యమను."

ఇద్దరం నవ్వుకున్నాం. తర్వాత ఆమె డబ్బాలో మిగిలిన నీళ్లు కారిపోయేదాకా చూస్తూ కూర్చుంది.

"నిజం చెప్పు తమ్మీ. గోడ ఆగుతదా?"

"ఆగుతదక్కా."

"సరే. బిడ్డ మల్ల మనిషిని పంపింది. నీ మాట మీదనే ఉంటున్న మరి."

కుంట తయారైంది. కట్ట వేశాం, అడుగున తూము గొట్టం పెట్టాం. ఆ గొట్టానికి తలుపు లేదు. కావాలనే పెట్టలేదు. మరీ పెద్ద వానొస్తే పైనుంచి పొర్లి పోవడానికి ఒక పక్క మత్తడి కట్టాం. మొదటి పెద్ద వానకు కుంట సగం దాకా నిండింది. మర్నాడు పొద్దున్నకల్లా ఖాళీ అయింది. అక్క గల్లీలోకి చెంచాడు నీళ్లు రాలేదు. నేను సైకిలు మీద గల్లీ అంతా తిరిగి చూసుకున్నాను. నా సంతోషంలో ఎవరూ పాలు పంచుకోలేదు. రాని నీళ్లను ఎవరు చూస్తారు? జనం చూసింది ఖాళీ గుంతను.

చాయ్ హోటలుకు పోతే పలకరింపులు మొదలయ్యేవి.

"ఏం సాబ్, తూముకు తలుపు పెట్టుడు మర్శిపోయినవా?"

"పాపం, ఎస్టిమేట్ల రాయలేదేమో."

"నువ్వేం పరేషాన్ కాకు సాబ్. బర్లోళ్లకు చెప్పినం, గోనెసంచి కుక్కుతరు."

ఇది వెక్కిరింత అయినా బాగుండేది. వాళ్లు నిజంగానే జాలిపడ్డారు. నేను పొరపాటు చేశానని, దాన్ని నలుగురూ కలిసి సర్దాలని వాళ్ల ఉద్దేశం. బర్రెలవాళ్లు పొద్దున గోనెసంచి కుక్కేవారు. నేను సాయంత్రం పోయి పీకేవాణ్ని. వాళ్లు మళ్లీ కుక్కేవారు. నీళ్లు కళ్ల ముందు పోతుంటే చేతులు కట్టుకుని నిలబడటం మా వైపు మనుషుల వల్ల కాదు. వానకోసం మొగులు చూసి చూసి మెడలు నొప్పి పుట్టిన జిల్లా ఇది.

చివరికి మా పెద్దసారు కుంట చూడటానికి వచ్చాడు. ఆయన చెడ్డవాడు కాదు. పాత సర్కారులో ఉర్దూలో చదువుకుని, చెరువుల మరమ్మతుల్లోనే జుట్టు నెరిపించుకున్న మనిషి. కట్ట మీద ఆయన పేరు చెక్కిన బండ ఉంది. ఆ బండనీ గుంతనీ మార్చి మార్చి చూశాడు.

"ఇదేం భాయ్, నా పేరు కింద బురద పెట్టినవ్?"

"ఖాళీగ ఉంటేనే పని చేస్తది సార్. నిండితే పని చేయదు."

"నిండితే పని చేయదా? అరె, కుంట గురించి చెప్తున్నవా, నీ కడుపు గురించి చెప్తున్నవా?"

వెంట వచ్చినవాళ్లంతా నవ్వారు. నేనూ నవ్వాను. హాస్యం బాగుంటే ఎవరి మీదైనా నవ్వడం నా బలహీనత. వారంలోపల తూముకు టేకు చెక్క బిగించారు. పైకి లాగడానికి ఇనుప కడ్డీ ఒకటి. గళ్ల కాగితం తీసుకుని ఆయన గదిలోకి పోదామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ కూర్చున్నాను. ఆ చెక్కను నా నోటికి కూడా కొలిచే చేయించినట్టున్నారు.

తర్వాతి వానలకు కుంట నిండింది. అంచుదాకా నిండి, మత్తడి మీద పల్చగా దుంకింది. కుంట నిండితే గంగమ్మకు చీరా గాజులూ పెట్టడం ఆనవాయితీ కదా. పెద్దసారు బ్యాండుమేళం పెట్టించాడు. ఇత్తడి పళ్లెంలో పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు, ఎర్రంచు చీర. ఊరు ఊరంతా కట్ట మీదికి వచ్చింది. నేను అక్కను సైకిలు వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోయాను.

ఇదే నా అసలు తెలివితక్కువ పని. చెక్క బిగించింది పెద్దసారు. కానీ ఆ కట్ట మీద నిలబడి, నిండు నీళ్లను చూసి, ఒళ్లు పులకరించి దండం పెట్టింది నేను. నా లెక్క ప్రకారం ఆ కుంట అప్పటికే చచ్చిపోయింది. నా కళ్లకు మాత్రం అది అంత అందంగా ఎన్నడూ కనబడలేదు. మొగులు మొత్తం అందులోకి దిగి ఉంది. చీరను నీళ్లలో విడిచినప్పుడు అది పూల చెండులా తేలింది. అందరూ ఈలలు వేశారు. "దండం పెట్టుకో అక్కా" అన్నాను. అక్క నీళ్లలో పసుపు కుంకుమ వేసి మొక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు సైకిలు వెనకనుంచి అడిగింది.

"తమ్మీ, డబ్బ నిండింది గద. ఇప్పుడు వానొస్తే?"

"ఏం గాదక్కా. వానలు వెనకవట్టినయి."

వానలు వెనకబట్టలేదు. నా వెనకే వచ్చాయి. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మొగులు మిట్ట మీద దిగింది. నేను ఆఫీసులోనే ఉన్నాను. గాజు గొట్టం వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు. సైకిలు తీసుకుని వానలో బయల్దేరాను. కుంట వైపు పోయి చెక్క లాగాలా, గల్లీకి పోవాలా అని కూడలి దగ్గర కొంచెం సేపు ఆగాను. నిండిన కుంటకు అప్పుడు తూము తీస్తే కిందికి ఇంకా నీళ్లే. గల్లీకి పోయాను.

మిట్ట మీది నీళ్లన్నీ కుంటను ఒక పలకరింపు పలకరించి, మత్తడి దుంకి, తిన్నగా గల్లీలోకి వచ్చాయి. మోకాళ్లదాకా ఉన్నాయి. అక్క ఇంటి ముందుగోడ పడిపోయింది. తలుపు మాత్రం చౌకట్టుతో సహా నిలబడి ఉంది. నీలం తలుపు, గొళ్లెం పెట్టే ఉంది. దాని రెండు పక్కలా ఏమీ లేదు.

అక్క ఎదురింటి అరుగు మీద, తునికాకు గంప ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. గంపలోంచి నీళ్లు ఆమె చీర మీదికి కారుతున్నాయి. నేను నీళ్లలోనే నిలబడ్డాను. మొదట కాళ్లకు చల్లగా తగిలింది. తర్వాత తగలడం మానేసింది. నాకు దుఃఖం వచ్చిందని రాస్తే బాగుంటుంది. రాలేదు. ఎదురింటి వాళ్ల సత్తుగిన్నె ఒకటి తేలుతూ పోతుంటే, అది ఎంత వేగంగా పోతోందో మనసులో లెక్క వేస్తున్నాను.

"అక్కా" అన్నాను.

"బండి మాట్లాడు తమ్మీ" అంది. గంప పక్కన పెట్టి, "తలుపు గూడ తీస్కపోవాలె" అంది.

అంతే. గోడ గురించి ఒక్క మాట అనలేదు. కుంట గురించి అనలేదు.

బోధన్ దారి పొడుగునా చెరకు తలదాటి ఉంది. బండిలో ఒక ట్రంకుపెట్టె, గంప, తలుపు, అక్క. నేను పక్కన సైకిలు మీద. దారిలో ఆమె ఒకే ఒక్కసారి మాట్లాడింది. "పక్కింటామెకు చెప్పిన. మీ బావ వస్తే బోధన్‌ల ఉన్నదని చెప్పుమన్న." నేను సరేనన్నాను.

మర్నాడు పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి కూర్చోమన్నాడు. "వాన ఎక్కువైంది భాయ్. వానకు మనమేం జేస్తం? మీ అక్క సంగతి విన్న. అఫ్సోస్" అని చాయ్ తెప్పించాడు. ఆయన మనసులోంచే అన్నాడు. నేను చాయ్ తాగాను. అందులో చక్కెర వేశారో లేదో నాకు తెలియలేదు.

ఆ ఏడాదంతా అలాగే గడిచింది. ఆఫీసుకు పోయాను, వచ్చాను. ఎండలు ఎండలే, వానలు వానలే. హాస్యానికి ఒక మాట మీద ఇంకో మాటను ఎక్కించడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. ఆ ఏడాది ఒక్క మాటనూ ముట్టుకోలేదు. ఆదివారాలు బోధన్ పోయేవాణ్ని. చెరకు ఆడే రోజులు వచ్చాయి. బండ్లు వరసకట్టి పోతుండేవి, గాలిలో కాగిన తీపి వాసన. అక్క కూతురింటి వాకిట్లో బీడీలు చుడుతుండేది. ఆమె వెనక గోడకు నీలం తలుపు ఆనించి ఉండేది. తీస్తే గోడే. "మంచిగున్నవా తమ్మీ" అని అడిగేది. "మంచిగున్న" అనేవాణ్ని. చాయ్ తాగి వచ్చేవాణ్ని. ఆమె హాస్యమాడేది కాదు. నేనూ ఆడలేదు. బావ నుంచి ఏ కబురూ లేదు.

మళ్లీ వానాకాలం వచ్చింది, కుంట మళ్లీ నిండింది. ఈసారి హైదరాబాదు నుంచి ఇంకో పెద్ద ఆఫీసరు వస్తున్నాడని, గంగమ్మ పూజ ఆయన చేతుల మీదుగా జరగాలని పెద్దసారు హుకుం. సోమవారం పొద్దున ముహూర్తం. చీర, గాజులు, బ్యాండు, షామియానా ఏర్పాట్లన్నీ నాకే అప్పజెప్పాడు. చీర నేనే పోయి కొనుక్కొచ్చాను. గట్టి నేత, ముదురు ఎరుపు అంచు.

ఆదివారం పొద్దున, షామియానా గుంజలకు జాగా చూడాలని చెప్పి కుంట దగ్గరికి పోయాను. ఎండ కాస్తోంది, మొగులు లేదు. ఇనుప కడ్డీ పట్టుకుని చెక్కను పైకి లాగాను. పూర్తిగా లాగి, ఊడదీసి, సైకిలు వెనక కట్టుకున్నాను. గొట్టంలోంచి నీళ్లు సన్నగా, బుద్ధిగా కాలువలోకి దిగాయి. కాలువకు పట్టినంతే. నిండు కుంట ఖాళీ కావడానికి ఎంతసేపు పడుతుందో నాకు తెలుసు. ఆ లెక్క గళ్ల కాగితం మీద వేసి ఉంచిందే.

సోమవారం పొద్దున ఆ లెక్క అక్షరాలా నిజమైంది. ఉద్యోగంలో చేరాక నాకు దక్కిన గౌరవాలన్నిటిలో నేను దాన్నే పెద్దదిగా భావిస్తాను.

జీపులు వచ్చాయి. బ్యాండు మోగింది. హైదరాబాదు ఆఫీసరు పూలదండతో కట్ట ఎక్కాడు. పెద్దసారు ఇత్తడి పళ్లెం పట్టుకుని ఎక్కాడు. బ్యాండువాళ్లు కూడా ఎక్కి, చూసి, ఒకరి తర్వాత ఒకరు ఊదడం ఆపారు. కుంట అడుగున బురద మెరుస్తోంది. రెండు బర్రెలు అందులో ఆనందంగా పడుకుని ఉన్నాయి. కొంగలు అటూ ఇటూ నడుస్తున్నాయి.

"నీళ్లేవి?" అన్నాడు పెద్దసారు.

"పోయినయి సార్."

"చెక్క ఏది?"

"వరదల కొట్టుకపోయింది సార్."

ఆయన ఎండను చూశాడు. ఎండిన కట్టను చూశాడు. నన్ను చాలాసేపు చూశాడు. నేను కిందికి చూడలేదు. పూజకొచ్చిన అయ్యగారు మధ్యలో కల్పించుకుని, "చీర నీళ్లల్లనే విడవాలె సార్. బురదల విడిస్తే అరిష్టం. ఇంటికి వాపసు తీస్కపోవద్దు గూడ" అన్నాడు. హైదరాబాదు ఆఫీసరు జీపు వైపు నడుస్తూ, ఇంతకీ ఈ కుంట ఎందుకు కట్టారని ఎవరినో అడుగుతున్నాడు.

పెద్దసారు పళ్లెం నా చేతుల్లో పెట్టాడు. "నువ్వే తీస్కపో. నీ నెత్తికి చుట్టుకో" అన్నాడు. కోపంగానే అన్నాడు. కానీ చివర్లో గొంతు కొంచెం తగ్గింది. మళ్లీ ఆ కుంటకు చెక్క పెట్టించలేదు. పేరున్న బండను మాత్రం తీయించాడు.

చెక్కను మా ఇంట్లో నీళ్ల కుండ కింద వేశాను. దానికి నీళ్లంటే ఇష్టం కదా.

చీరా గాజులూ పట్టుకుని తర్వాతి ఆదివారం బోధన్ పోయాను. అక్క బీడీలు చుట్టడం ఆపి చేతులు తుడుచుకుంది. అంచు పట్టుకుని వెలుతురులో చూసింది.

"ఎవలది రా గీ చీర?"

"గంగమ్మది."

"మరి ఆమె ఏం కట్టుకుంటది?"

"ఆమె ఊళ్లె లేదక్కా. బొక్కల నుంచి పోయింది."

అక్కకు నవ్వు వస్తుందేమోనని చూశాను. రాలేదు. చీర మడత విప్పి, మళ్లీ మడిచింది. "నీళ్లల్ల ఏసేదానికి గింత గట్టి చీర ఎందుకు కొన్నరో" అంది. గాజులు చేతికి సరిపోతాయో లేదో చూసుకుంది.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. పొద్దున్నే లేచేసరికి ఆమె ఆ చీర కట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, నీలం తలుపు ముందు వాకిట్లో చెంబుతో నీళ్లు చల్లుతోంది.